తెల్ల టాబ్‌లో లేని మాట

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా మా సముద్రం మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ ఉప్పాడ తీరం పొడవునా నావలు ఒడ్డెక్కి కూర్చుంటాయి, మగవాళ్ళు వలలు బాగుచేస్తారు, ఆడవాళ్ళు మగవాళ్ళను బాగుచేస్తారు. ఆ ఏడాది మా ఇంటికి రెండు నిషేధాలు పడ్డాయి. రెండోది మా నాన్న గొంతు మీద.

మా నాన్న గంగయ్య ముప్పై ఏళ్ళుగా రేవులో చేపల వేలం పాడేవాడు. ఆయన ‘ఒకటోసారి’ అన్నాడంటే అటుగా పోతున్న పిఠాపురం బస్సులోవాళ్ళు కూడా తల తిప్పి చూసేవారని మా అమ్మ గొప్పలు పోయేది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని మూడు కేకలు వేసి, బుట్ట మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ దెబ్బ పడ్డాక ఎవరు ఏడ్చినా మొత్తుకున్నా పాట వెనక్కి పోదు. ఒకసారి మా సొంత నావలో పడ్డ వంజరం బుట్టకే ఎవరూ ధర పెంచకపోతే, నోరు మూసుకుని కారుచవగ్గా కొట్టేశాడు. అమ్మ ఒంటికాలి మీద లేచింది. "మూడు కేకలేశానే. కాదనేవాడు లేడు. ఇంకేం మాటాడతాం?" అన్నాడు నాన్న, అంతే.

ఆ గొంతులో గడ్డ లేచింది. రాజమండ్రి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు చూసి, గొంతులోని మాటపెట్టె మొత్తం తీసేస్తే మనిషి దక్కుతాడని చెప్పారు. మే రెండున ఆపరేషన్. మెడకు ఒక కన్నం పెడతారట, దాంతోనే ఊపిరి తీసుకోవాలట. నీళ్ళ జోలికి పోకూడదని మరీమరీ చెప్పారు. నాన్న అన్నీ విని, బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి, "గొంతు పోతే పోయింది. వల లాగడానికి చేతులున్నాయిగా," అన్నాడు. మేమెవరమూ ఆ మాటను పట్టించుకోలేదు.

స్పీచ్ థెరపీ చూసే విజయ్ పాల్ గారు మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, "ఒక టాబ్ కొనండి. ఆయన బదులు అది మాట్లాడుతుంది. ఏ టాబ్ అన్నది మీరే తేల్చుకోండి," అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను రాజమండ్రి మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ల షాపులో మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. వీరదుర్గ చెప్పిందంటే కస్టమర్లు మారుమాట్లాడకుండా కొంటారని మా ఓనరు గారే అంటారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు నాన్న, అమ్మ, అన్నయ్య లోవరాజు ముగ్గురూ షాపుకు వచ్చారు. కౌంటర్ మీద రెండు టాబ్‌లు పెట్టాను. ఒకటి తెల్లది, ఒకటి నల్లది.

"నాన్నా, ఈ తెల్లది యాపిల్‌ది. విజయ్ పాల్ గారు చూపించిన యాప్ దీంట్లోనే వస్తుంది. నీ మాటలు ముందే రికార్డు చేసి, ఒక్కో బొమ్మ కింద ఒక్కోటి పెడతాం. బొమ్మ నొక్కితే నీ గొంతే పలుకుతుంది. మనం పెట్టని మాట మాత్రం పలకదు."

"మరి ఆ నల్లదో?"

"అది ఆండ్రాయిడ్. దీని సిస్టమ్ వేరు, యాప్ వేరు. నువ్వు తెలుగులో ఏం టైప్ చేస్తే అది చదువుతుంది. కానీ ఆడగొంతు." నేను ‘గంగయ్య గారూ, నమస్కారం’ అని కొట్టి నొక్కాను. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతు లాంటిది పలికింది.

అమ్మ ముఖం మాడిపోయింది. "నా ఇంట్లో ఎవత్తో మాటాడ్డమేంటే? మీ నాన్న గొంతు ఉంచే పెట్టె ఒకటుండగా ఇదెందుకు?"

అన్నయ్య కూడా తెల్లదే అన్నాడు. రెండూ కొనే స్తోమత మాకు లేదు. ఒకదాంట్లో పెట్టిన మాటలు ఇంకోదాంట్లోకి రావు కాబట్టి ఏదో ఒకటి ఇప్పుడే తేల్చుకోవాలి. నాన్న మాత్రం నల్లదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నేనేదనుకుంటే అదంటుందా?"

"అంటుంది. కానీ నువ్వు అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఒక్క మాటకి పావుగంట పడుతుంది నాన్నా."

"రేపు ఏం మాటాడాలో ఇయ్యాలే ఎలా తెలుస్తాదే?"

"ఇంట్లో మనం మాట్లాడేవి ఎన్నుంటాయి? లెక్కేస్తే నాలుగొందలు దాటవు," అన్నాను. షాపుకు ఎవరొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఏది మంచిదని కాదండి, మీకు దేనికి కావాలో చెప్పండి. ఆ రోజు మా నాన్నను ఆ ప్రశ్న అడగలేదు. తెల్లది ప్యాక్ చేయించాను.

రికార్డింగ్‌కు వారం సెలవు పెట్టి ఊరెళ్ళాను. ఇంట్లో కుదరలేదు. పక్కింట్లో రేకుల షెడ్డు వేస్తున్నారు, సుత్తి దెబ్బలకు నాన్న మాట వినబడదు. పైగా ఇంట్లో కూర్చుంటే నాన్న గొంతు బిగుసుకుపోయేది, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా అయిపోయేవాడు. రెండో రోజు ఆయనే లేచి, "నావలో కూర్చుందాం రా," అన్నాడు.

ఒడ్డున ఉన్న మా నావలో తెడ్ల పక్కన కూర్చున్నాం. అన్నయ్య అవతల వల కుడుతున్నాడు. అమ్మ నావ అంచు పట్టుకుని నిలబడి, ఏ మాట ఎలా అనాలో పర్యవేక్షణ. నాన్న గొంతు విచ్చుకుంది. ఆకలేస్తోంది, టీ పెట్టవే మరిడమ్మా, జాగ్రత్త, తిన్నావా, ఫ్యాన్ వెయ్యండి, దేవుడా, నావకి రంగేశారా... ఒకదాని తర్వాత ఒకటి గలగలా వచ్చేశాయి. మధ్యలో దగ్గొస్తే నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

అన్నయ్య పేరు వచ్చినప్పుడు నాన్న అలవాటుగా రేవు అదిరిపోయేలా కేకేశాడు. అమ్మ అడ్డుపడింది. "అలా కాదయ్యా. వేలం పాడుతున్నావా ఏంటి? ఇది పెట్టెలో ఉండిపోయే పిలుపు. ముద్దుగా పిలువు."

నాన్న ఒక్క క్షణం ఆగి, "రాజూ," అన్నాడు. చంటివాణ్ణి నిద్ర లేపినట్టు అన్నాడు. అన్నయ్య తల ఎత్తలేదు. చేతిలో సూది మాత్రం ఆగిపోయింది.

విజయ్ పాల్ గారిచ్చిన జాబితాలో ఇక నాలుగైదు మాటలే మిగిలాయి. లేదు, వద్దు, కాదు, రాను.

"నావలో కూర్చుని ఆ మాటలు అననమ్మా," అన్నాడు నాన్న.

నాకు తెలియంది కాదు. మా వాళ్ళు నావలో అడుగుపెట్టాక లేదు, వద్దు అనరు. చేపలు పడ్డాయా అంటే చూద్దాం అంటారు, నీళ్ళు అయిపోతే కుండ నిండుకుందంటారు. గంగమ్మ మీద ఆడే నావ ఆ మాట వినకూడదు. "సరే, ఇంటికెళ్ళాక అందువులే," అన్నాను. అమ్మ అక్కడే అడ్డం తగిలింది.

"ఇంట్లోనూ అనక్కర్లేదు. ఆపరేషన్ ముందు పెట్టుకుని పనిగట్టుకుని అలాంటి మాటలు పెట్టెలో పోసి ఇంట్లో ఉంచుకుంటారా? అయినా వద్దనడానికి గొంతెందుకే? తలకాయ ఉందిగా, ఊపితే సరిపోద్ది."

అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు, తల అడ్డంగా ఊపి చూపించాడు. నాలుగు వందల పన్నెండు మాటలు పూర్తయ్యాయి. నేను ఆ జాబితాలో మిగిలిన వాటిని పెన్నుతో కొట్టేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మే నెలంతా నాన్న, అమ్మ దానవాయిపేటలో నా అద్దె గదిలోనే ఉన్నారు. జూన్ మొదట్లో కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలవుతుంది, రోజూ ఆసుపత్రికి వెళ్ళి రావాలి. మెడకు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న నాన్న మొదటిసారి తెల్ల టాబ్ ఒళ్ళో పెట్టుకుని, గ్లాసు బొమ్మ వెతికి నొక్కాడు. "టీ పెట్టవే మరిడమ్మా." చెక్కుచెదరని పాత గొంతు. అమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు స్టవ్ వెలిగించలేదు.

ఇరుగుపొరుగు వచ్చి విని వెళ్ళేవారు. విజయ్ పాల్ గారు ఇంకో పేషెంటు వాళ్ళకు నన్ను చూపించి, "ఈ అమ్మాయిని అడగండి, ఏ టాబ్ కొనాలో చెబుతుంది," అన్నారు. నేను చెప్పాను కూడా. నాన్న అన్నిటికంటే ఎక్కువగా నొక్కేది నావ బొమ్మ. "నావకి రంగేశారా?" రోజూ ఫోన్లో అన్నయ్యకు అది వినిపించాల్సిందే. గోడ మీది క్యాలెండర్లో జూన్ పద్నాలుగు చుట్టూ నా లిప్‌స్టిక్ పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. ఆయన మళ్ళీ ఆ నావెక్కడం జరగదని మా అందరికీ తెలుసు. ఆయనకు తెలియదనీ, మెల్లగా చెబుదామనీ మేం అనుకున్నాం.

జూన్ పదో తారీఖు సాయంత్రం నేను షాపులో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. గొంతులో అలసట, సంతోషం రెండూ ఉన్నాయి.

"చెల్లీ, నావ అబ్బులు మావయ్యకి అమ్మేశాం. నాన్న ఒప్పుకున్నాడే."

"ఎప్పుడు?"

"మజ్జానం. మెడలో కన్నంతో నాన్న నీళ్ళ మీదకి ఎలా వస్తాడు చెప్పు? నేనొక్కణ్ణీ నడపలేను, కళాసీలు దొరకట్లేదు. మావయ్య తన బోటులో నాకు వాటా ఇస్తానన్నాడు. వేట తెరిచేలోగా తేల్చమన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి, రేవులో పెద్దల ముందరే అడిగాను. నాన్నా, నీకిష్టం లేకపోతే ఒక్క ముక్క ‘వద్దు’ అను, మానేస్తా అని. నాన్న పద్ధతిలోనే మూడుసార్లు అడిగాను. తిన్నావా అన్నాడు, జాగ్రత్త అన్నాడు. ఆఖర్ని రాజూ, రాజూ, రాజూ అని పిలిచాడు. ఎంత మెత్తగా పిలిచాడనుకున్నావ్! మావయ్యక్కూడా కళ్ళంట నీళ్ళొచ్చాయి. అక్కడే చేతులు కలిపేశాం."

షాపులో చెప్పకుండానే ఆటో ఎక్కాను.

గదిలో అమ్మ ఏమీ తెలియకుండా బియ్యం ఏరుతోంది. మధ్యాహ్నం మందుల కోసం ఆసుపత్రికి వెళ్ళి నాలుగింటికి వచ్చిందట. వచ్చేసరికి ఆయన ఇలాగే కూర్చున్నాడు, టీ కూడా అడగలేదు అంది. నాన్న కిటికీవైపు తిరిగి ఉన్నాడు. తెల్ల టాబ్ మంచం చివర పడి ఉంది.

తీసి చూశాను. ఏ పేజీ తెరిచారో, ఏ బొమ్మ ఎప్పుడు నొక్కారో ఆ యాప్ వరసగా రాసి ఉంచుతుంది. విజయ్ పాల్ గారు వారానికోసారి అది చూసి, ఏ మాటలు ముందు పేజీలో పెట్టాలో చెప్పేవారు. మూడు గంటల పదకొండు నిమిషాలకు మొదలైంది. ‘చెప్పరా.’ ‘తిన్నావా?’ ‘నావకి రంగేశారా?’ ‘నావకి రంగేశారా?’ తర్వాత పేజీలు తిప్పాడు. వంటల పేజీ, మందుల పేజీ, దేవుడి పేజీ, చుట్టాల పేజీ. ప్రతి పేజీ రెండేసి సార్లు తెరిచాడు. ‘జాగ్రత్త.’ మళ్ళీ పేజీలు. చివర్లో ‘రాజూ’, ‘రాజూ’, ‘రాజూ’. మూడు గంటల పదహారుకు అంతా అయిపోయింది.

అయిదు నిమిషాలు ఆయన ఏం వెతికాడో నాకు అర్థమైంది. నేను పెన్నుతో కొట్టేసిన మాట వెతికాడు. అది ఎక్కడా దొరక్క కొడుకును పేరు పెట్టి ఆపబోయాడు. గొంతే ఉంటే ఆ కేకకు రేవంతా ఆగిపోయేది. మేం ముద్దుగా పిలిపించిన పిలుపు తప్ప ఆయన దగ్గర ఇంకొకటి లేదు.

అమ్మకు చెప్పాను. బియ్యం చేట పక్కన పెట్టి, "ఇప్పుడే ఫోన్ చెయ్యవే! వాడికి చెప్పు, మీ నాన్న వద్దన్నాడని చెప్పు," అంది. ఆ మాట ఆమె నోట అంత గట్టిగా వినడం నాకు అదే మొదటిసారి.

ఫోన్ తీశాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఇంకా ఆ చేతిలో ఉందనుకోలేదు. రెండో చేయి ఎత్తి మూడు వేళ్ళు చూపించాడు. తర్వాత మంచం పక్కనున్న బియ్యం డబ్బా మూత మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు.

అమ్మ ఏడ్చింది. "నువ్వు సరేననలేదు కదయ్యా! ఆ పెట్టె చేసిన పనికి..." నాన్న చెయ్యెత్తి ఆపాడు, తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపడం పక్కనున్నవాళ్ళకు ఎంత బాగా తెలుస్తుందో!

మర్నాడు మా ఓనరు గారిని అడిగి, డిస్‌ప్లేలో వాడి పాతబడ్డ నల్ల టాబ్ ఒకటి తెచ్చాను. అందులో ఇంకో సిస్టమ్, ఇంకో యాప్, ఇంకొకరి గొంతు. నాన్న ఒళ్ళో పెట్టి, అక్షరాలు ఎక్కడుంటాయో చూపించి పక్కన కూర్చున్నాను. వలలో చిక్కు తీసినంత ఓపిగ్గా, ఒక్క వేలితో, కళ్ళు చిట్లించుకుంటూ కొట్టాడు. తప్పులు పడితే మొత్తం చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు. పదకొండు నిమిషాలు పట్టింది. అప్పుడు ఆ స్టేషన్ గొంతు మా గదిలో పలికింది.

"గొంతు నాదే కదా. రేవంతా విన్నారు."

మళ్ళీ కొట్టాడు. ఈసారి తొందరగానే అయింది.

"రాజుకి చెప్పొద్దు."

ఆ యంత్రం నోట ఆయన చెప్పిన మొదటి వద్దు అది. అమ్మ విని చెంగుతో ముఖం కప్పుకుంది. ఆ రోజు నుంచి నాన్న తెల్ల టాబ్ ముట్టుకోలేదు. నేను ఒకటికి రెండుసార్లు చేతికిచ్చి చూశాను, పక్కన పెట్టేశాడు. దాంట్లో ఆయన మాట ఒకసారి అడ్డం తిరిగింది కాబట్టి దానితో ఇక ఎవరికీ మాట ఇవ్వదలచుకోలేదని నాకనిపించింది. టీ కావాలన్నా సరే, కూడబలుక్కుని ఆ పరాయి గొంతుతోనే అడిగేవాడు. అడగడం పూర్తయ్యేసరికి టీ వేళ దాటిపోయేది.

తప్పు ఎవరిదని చాలాసార్లు లెక్కేసుకున్నాను. అమ్మ భయానిదా, నావ కట్టుబాటుదా, అన్నయ్య తొందరదా? తిప్పి తిప్పి చూస్తే నా కౌంటర్ దగ్గరికే వస్తుంది. రేపటి మాట ఇవాళ ఎలా తెలుస్తుందని ఆయన అడిగితే, నాలుగొందలు దాటవని చెప్పింది నేను.

జూన్ పద్నాలుగుతో నిషేధం తీరింది. పద్దెనిమిదో తారీఖున అన్నయ్య మొదటి వేట ముగించుకుని, ఐసు డబ్బాలో చేపలు పెట్టుకుని పొద్దున్నే బస్సులో వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, చేతుల మీద తాడు కోసిన గీతలు కొత్తవి. నాన్న కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మన నావకి నీలం రంగేశారు నాన్నా. మావయ్య బాగానే చూసుకుంటున్నాడు," అన్నాడు. నాన్న తల ఊపాడు. అన్నయ్య నేల మీద వేలితో గీస్తూ అన్నాడు. "నాకు బేరానికి ముందు రాత్రుళ్ళు నిద్దర పట్టలేదు నాన్నా. నీకిష్టం లేకుండా చేసేస్తున్నానేమో అని. నువ్వు ఫోన్లో అలా పిలిచేవరకూ మనసు మనసులో లేదు. నువ్వొక్కసారి వద్దని ఉంటే నేను చేసేవాణ్ణే కాదు. నీ గొంతు విన్నాకే ధైర్యమొచ్చింది."

అమ్మ నా వైపు చూసింది. నేను నాన్న వైపు చూశాను.

నాన్న నల్ల టాబ్ ఒళ్ళోకి తీసుకున్నాడు. అన్నయ్య ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. నేను మంచం వెనక నిలబడి ఉన్నాను, తెర నాకు కనిపిస్తోంది. నాన్న వేలు నెమ్మదిగా కదిలింది. ‘ఆ రోజు వద్ద’ దాకా వచ్చింది. ఇంకొక్క అక్షరం మిగిలింది.

వేలు అక్కడ ఆగింది. నాన్న తలెత్తి కొడుకు చేతుల మీద తాడు గీతలు చూశాడు. ఆ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అన్నయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు, చిన్నప్పుడు వేలం దగ్గర ఆఖరి కేక కోసం చూసినట్టే. నాన్న మళ్ళీ తల దించాడు. కొట్టిన అక్షరాలన్నీ వెనక నుంచి ఒక్కోటీ చెరిపేశాడు. కొత్తగా ఒక్క మాట కొట్టి నొక్కాడు.

"తిన్నావా?" అంది ఆ ఆడగొంతు.

అన్నయ్య లేదన్నాడు. అమ్మ ఆ మాటకు ఏమీ అనలేదు, లేచి కంచం పెట్టింది.